నలభై ఒక్క లోపాల కారు

మార్చి 3

వదినకి,

కవరు మీద నా దస్తూరీ చూసి కంగారు పడకండి. ఒంట్లో బాగానే ఉంది. ఇక్కడ ఫోన్లు ఉండవని మీకు తెలుసు కదా. మా రేడియో టెలిస్కోపు చెవి అంత పదును. చుట్టుపక్కల ఎవరి జేబులో సెల్‌ఫోన్ మూలిగినా, ఆకాశం అవతలి నుంచి వచ్చే గుసగుస దానికి వినబడదు. ఆఫీసులో ఒక్క వైరు ఫోను ఉంది గానీ, ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే తప్ప దాన్ని ముట్టుకోనివ్వరు. ఇక మిగిలింది టపా బండి. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి వస్తుంది.

సంగతేమిటంటే, నా ఉద్యోగం ఇక్కడే ఖాయమైంది. సంతోషమే. కానీ నా కారుని ఇక్కడికి తెచ్చుకునే వీల్లేదు. పెట్రోలు ఇంజన్లో స్పార్క్ ప్లగ్గులు కొట్టే నిప్పురవ్వలు కూడా టెలిస్కోపుకి ఉరుముల్లా వినిపిస్తాయట. లోపలికి డీజిల్ బళ్ళకే అనుమతి. పద్నాలుగు నెలలుగా అది మీ గ్యారేజీలో గుడ్డ కప్పుకుని పడి ఉంది. కదలని బండి నిలవ నీళ్ళతో సమానం, లోపల్లోపలే పాడవుతుంది. అందుకని అమ్మేద్దామనుకుంటున్నాను. డీలర్లకి కాదు. వాళ్ళు రెండు చూపుల్లో వెల కట్టేస్తారు. పేపర్లో ప్రకటన వేసి, దాన్ని ఇష్టపడి కొనేవాళ్ళకి మీ చేతుల మీదుగా ఇవ్వండి.

బ్యాటరీ ఈపాటికి చచ్చే ఉంటుంది. మెకానిక్‌ని పిలిచి ఛార్జింగ్ పెట్టించండి. టైర్లు ఒకేచోట నొక్కుకుపోయి ఉంటాయి, గాలి కొట్టించండి. సర్వీసు పుస్తకం డాష్‌బోర్డు సొరుగులో ఉంది. నేను మార్చిన ప్రతి భాగం తాలూకు అసలు భాగం అటక మీద అట్టపెట్టెల్లో చీటీ అంటించి దాచాను. కొనేవాళ్ళు కావాలంటే కారుని మళ్ళీ కంపెనీ నుంచి వచ్చినట్టుగా చేసుకోవచ్చు. ఆ పెట్టెలే దాని జాతకం.

ఇంకొక్క మాట. దీంట్లో అన్నయ్యని కలపకండి. వెళ్ళేరోజు మేమిద్దరం అనుకున్న మాటలు మీరు విన్నారు. "నువ్వు ఆ కారుకి డ్రైవర్‌వి కాదురా, ఆయావి" అన్నాడు. నేను ఊరుకున్నానా? "నువ్వు బరువులు తూస్తావు గానీ విలువ తెలీదు" అన్నాను. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ని పట్టుకుని అంత మాట అనకూడదు. కానీ అనేశాను. నేను బయల్దేరినప్పుడు ఆయన గుమ్మంలోకి కూడా రాలేదు. అలాంటి మనిషికి నా కారు పని చెప్పలేను.

మీ కళ్ళజోళ్ళ షాపు ఎలా ఉంది?

మీ మరిది

మార్చి 11

ఆకాశంలో చెవి పెట్టిన మరిదికి,

నీ ఉత్తరం అందింది. ఉద్యోగం ఖాయమైనందుకు షాపులో అందరికీ టీ ఇప్పించాను. నిన్న ఒకాయనకి కళ్ళు పరీక్ష చేస్తూ, "మా మరిది నక్షత్రాల మాటలు వింటాడండీ" అన్నాను. ఆయన పరీక్ష అద్దాల ఫ్రేము ముక్కు మీదికి దించి, "అవి ఏమంటాయమ్మా?" అని అడిగాడు. ఏమంటాయో నువ్వెప్పుడూ చెప్పలేదు. ఈసారి రాయి.

కారు సంగతి. గుడ్డ తీసి తాళం తిప్పానో లేదో, ఒక్క దెబ్బకి స్టార్టయింది! గ్యారేజీ కిటికీ అద్దాలు గజగజలాడాయి. నేనూ ఆడాననుకో. నీ బ్యాటరీ గట్టి పిండం, మెకానిక్ అక్కర్లేకపోయింది. టైర్లు కూడా గుండ్రంగానే ఉన్నాయి.

ప్రకటన నేనే రాసి ఇచ్చాను. "అమ్మకానికి: రెండు తలుపుల జపాన్ స్పోర్ట్స్ కారు. చాలా మార్పులు చేసినది. కంటికి రెప్పలా చూసుకున్నది." కళ్ళజోళ్ళ షాపు మనిషిని, రెప్ప లేకుండా ఎలా రాస్తాను?

మొదట వచ్చింది ఒక మందుల కంపెనీ ఏజెంటు. గుమ్మంలోనే, "చాలా మార్పులంటే యాక్సిడెంట్ అయిందా అమ్మా?" అన్నాడు. కాదని చెప్పి, నువ్వు నేర్పిన పేర్లన్నీ వరసగా అప్పజెప్పాను. ఇంజనుకి దమ్ము పెంచే టర్బో, పెద్ద బ్రేకులు, ఎత్తు మార్చుకునే సస్పెన్షన్. పర్వాలేదు, బాగానే చెప్పాను. ఆయన మెత్తబడి, "రంగు మాత్రం కొత్తదానిలా ఉంది" అన్నాడు. అప్పుడు మా వెనకనుంచి ఒక గొంతు, "లేదండీ. ఎడమ వెనక చక్రం పైన గోరంత చోట రంగు తేడా ఉంది. ఎండలోకి తెస్తే కనబడుతుంది." ఇంకెవరు, మీ అన్న. ఆదివారం, ఇంట్లోనే ఉన్నారు. ఏజెంటు వంగి చూశాడు, నేనూ వంగి చూశాను, నాకైతే ఏమీ కనబడలేదు. కానీ ఏజెంటుకి కనబడింది. "ఆలోచించుకుని చెప్తానమ్మా" అని వెళ్ళిపోయాడు.

నేను మీ అన్నని పిలవలేదు. ఆయనే వచ్చారు. ఎవరైనా "కొత్తదానిలా" అంటే ఆయనకి వినబడకుండా ఉండదు కదా, అది కిలోకి తక్కువ తూగినట్టే.

అటక శుభ్రం చేయించాను. ఆ అట్టపెట్టెల గొడవ వదిలింది, ఇప్పుడు అక్కడ నిలబడొచ్చు.

నీ వదిన

మార్చి 17

వదినా,

"అట్టపెట్టెల గొడవ వదిలింది" అంటే ఏమిటండీ? ఎవరికిచ్చారు? పాత సామాన్లవాడికా? వాటిలో కంపెనీ టర్బో ఉంది, కంపెనీ స్ప్రింగులు ఉన్నాయి, పొగగొట్టం ఉంది. అవి లేకుండా మార్పులు చేసిన కారంటే ముందువెనకలు తెలియని మనిషిలాంటిది. దయచేసి ఆ సామాన్లవాడిని పట్టుకోండి.

అన్నయ్య గురించి నేనేమీ అనదలుచుకోలేదు అని రాసి, ఆ వాక్యం మూడుసార్లు కొట్టేశాను. కనుక అనేస్తాను. గోరంత రంగు తేడా! అది నాకే ఏడాది దాకా కనబడలేదు. గుడ్డు మీద ఈకలు పీకే ఆయన కంట్లో పడాలా? ఆయనకి ఇదొక అవకాశం. విలువ తెలీదు అన్నాను కదా, నా కారుకి విలువ లేకుండా చేసి చూపిద్దామని. కొనేవాళ్ళని ఆయన ఆఫీసులో ఉన్నప్పుడే రమ్మనండి.

బ్యాటరీ విషయం మాత్రం నమ్మలేకపోతున్నాను. పద్నాలుగు నెలలు వదిలేస్తే ఏ బ్యాటరీ బతకదు. మీరు మెకానిక్‌ని పిలిచి నా దగ్గర దాస్తున్నారు. ఆయనకి ఏమిచ్చారో రాస్తే పంపిస్తాను.

నక్షత్రాలు ఏమంటాయని అడిగారు. నిజం చెప్పనా? ఎక్కువ భాగం ఉప్పు వేయించినట్టు చిటపట, అంతే. మధ్యలో ఎప్పుడో ఒకటి గుండె కొట్టుకున్నట్టు టక్ టక్ మంటుంది. ఆ రోజు క్యాంటీన్లో అందరూ గట్టిగా మాట్లాడుకుంటారు.

మీ మరిది

మార్చి 25

కోపాల మరిదికి,

ముందు నీళ్ళు తాగు. పెట్టెలు ఎక్కడికీ పోలేదు. అటక మీదనుంచి దింపించి మా మంచం కిందికి చేర్చాను. గొడవ వదిలింది అటకకి, మాకు కాదు. మీ అన్న కాలు చాపితే టర్బోకి తగులుతోంది. మెకానిక్‌నీ పిలవలేదు, నామీద ఒట్టు.

ఇప్పుడు చెప్పేది మాత్రం నీళ్ళు తాగాక కూడా కోపం తెప్పిస్తుంది. దాచే అలవాటు నాకు లేదు.

నువ్వు చెప్పినట్టే, కొనేవాళ్ళని పనిరోజున రమ్మన్నాను. షాపుకి పూట సెలవు పెట్టాను. ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, లోపల కూర్చుని, స్టీరింగ్ పట్టుకుని, "దీన్ని చూస్తే ఏ పెళ్ళికొడుకైనా నవ్వుతాడండీ" అన్నాడు. బేరం కుదిరిపోయిందనుకో. ఇంతలో పక్క సీటు మీద ఉన్న కాగితాలు తీశాడు. నాలుగు పేజీలు. పైన అండర్‌లైన్ చేసి "ఈ వాహనమునందు గల లోపములు" అని. కింద వరస నంబర్లు. అది మీ అన్న దస్తూరీ. ఆయన అక్షరాలు కూడా తూకం వేసినట్టు ఉంటాయి కదా. ఫోటోగ్రాఫర్ రెండో పేజీ దాకా చదివి, కారుని ఆస్పత్రి మంచాన్ని చూసినట్టు చూసి, దిగిపోయాడు.

సాయంత్రం ఆయన ఇంటికి రాగానే అడిగాను. "ఎందుకు పెట్టారు ఆ కాగితాలు?"

"నేను ఇంట్లో ఉండను కదా. చెప్పేవాళ్ళు ఉండాలి."

"చెప్పకపోతే ఏమవుతుంది?"

"కొన్నాక తెలుస్తుంది. అప్పుడు మనవాడిని తిట్టుకుంటారు."

నాకు ఒళ్ళు మండింది. కాగితాలు చింపబోయాను. ఆయన చటుక్కున లాక్కుని జేబులో పెట్టుకున్నారు. మూడు రోజులుగా మా మధ్య "కూర", "తలుపు", "కరెంటు" తప్ప ఇంకో మాట లేదు. ఆదివారం పొద్దున గ్యారేజీలో పేపరు చదువుకునే మనిషి, ఇప్పుడు రోజూ పొద్దున అక్కడికే పోతున్నారు. నాకు మొహం చూపించలేక అనుకుంటాను.

నీ వదిన

మార్చి 31

వదినా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇక చాలు. ఆయన గెలిచాడని చెప్పండి.

నాలుగు పేజీలు! నేను ఐదేళ్ళు ఆ కారు కింద పడుకున్నాను వదినా. ప్రతి నట్టూ నా చేత్తో బిగించాను. నా జీవితంలో తిన్నగా చేసిన పని అదొక్కటే అనుకునేవాణ్ణి. దానిమీద నాలుగు పేజీల చార్జిషీటు రాశాడు సొంత అన్న. నా కారణంగా మీరిద్దరూ మాటలు మానుకోవడం కూడా నాకు ఇష్టం లేదు.

ఇక్కడ నాతో పనిచేసే ఆయన ఒక విడిభాగాల వ్యాపారి అడ్రసు ఇచ్చాడు. మార్పులు చేసిన జపాన్ కార్లు కొని, విప్పి, ముక్కలు ముక్కలుగా అమ్ముతాడట. ఇంజను ఒకడికి, సీట్లు ఒకడికి, మిగతాది ఇనుము లెక్కన. ఆయనకి ఒప్పుకుంటూ ఈ టపాలోనే ఉత్తరం వేస్తున్నాను. ఏప్రిల్ పదమూడున లారీతో వస్తాడు. తాళాలు ఇచ్చేయండి. ఎవరూ లోపాలు చూడక్కర్లేదు. ముక్కల్లో ఏ లోపమూ ఉండదు.

మీ మరిది

ఏప్రిల్ 3

మరిదీ,

ఈ ఉత్తరం రాస్తుంటే మధ్యమధ్యలో కలం కింద పెట్టాల్సి వస్తోంది. నవ్వుతో.

నిన్న సాయంత్రం ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళు దాటాయి, పొట్టిగా, గట్టిగా, జుట్టు కురచగా కత్తిరించుకుని. ఇరవై ఆరేళ్ళు అంబులెన్స్ నడిపి పోయిన నెలే రిటైరయిందట. నేను గొంతు సవరించుకుని టర్బో దగ్గర మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి, "అమ్మా, నువ్వాగు. ఇప్పటికి పదకొండు కార్లు చూశాను. పదకొండూ కొత్తవాటిలాగే ఉన్నాయన్నారు. దీంట్లో బాగాలేనిదేంటో చెప్పు" అంది.

నేనేం చెప్తాను? మీ అన్న అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నారు. ఒక కాలికి చెప్పుతోనే వచ్చి, జేబులోంచి కాగితాలు తీసి ఆవిడ చేతిలో పెట్టారు.

ఆవిడ బోనెట్ మీద మోచేతులు ఆనించి నాలుగు పేజీలూ చదివింది. ఒక్కో నంబరు చదవడం, వెళ్ళి చూడటం, తలూపడం. అలా ముప్పావు గంట. ఆఖరున కారు కిందికి దూరి, బయటికొచ్చి, "ఇది ఏడాదిగా ఆగిపోయిన బండి కాదే. టైర్లు నొక్కుకోలేదు, బ్యాటరీ బతికుంది, ఆయిల్ శుభ్రంగా ఉంది. దీన్ని ఎవరు కదుపుతున్నారు?" అంది.

నేను మీ అన్న వైపు చూశాను. చెవులు రెండూ దానిమ్మ గింజలైపోయాయి.

"వారానికోసారి," అన్నారు. "ముందుకి రెండు మీటర్లు, వెనక్కి రెండు మీటర్లు. ఇరవై నిమిషాలు ఇంజను తిరగనిస్తాను. వాడి పుస్తకంలో అలాగే రాసుంది."

పద్నాలుగు నెలల ఆదివారాలు, మరిదీ! నేను పొద్దున్నే షాపుకి పోతానా, ఈయన పేపరు చంకలో పెట్టుకుని గ్యారేజీలోకి పోతే, చదువుకుంటున్నారనుకున్నాను. నువ్వు వెళ్ళిన రోజు గుమ్మంలోకి రాలేదన్నావే, ఎందుకు రాలేదో కూడా నిన్నే చెప్పారు. "వాడు వెళ్తుంటే చూడలేక గ్యారేజీలోకి పోయాను. అక్కడ ఊరికే ఏం నిలబడతాను? టైర్లలో గాలి చూశాను" అన్నారు.

ఆవిడ కాగితాలు మడిచి, "నాకిది కావాలి" అంది. "ఇన్నాళ్ళూ ఎవరో ఒకరి ప్రాణం కోసం వేగంగా పోయాను. ఇప్పుడు ఊరికే పోవాలి." పోతూ పోతూ మీ అన్నతో, "నలభై ఒకటి రాశారు. ఒకటి వదిలేశారు. పక్క సీటు బెల్టు చూడండి, కొత్తగా, బిర్రుగా ఉంది. ఈ బండిలో డ్రైవర్ పక్కన ఎవరూ కూర్చోలేదు" అంది. మీ అన్న కలం తీసి నలభై రెండు వేశారు. వేసి, దాని ఎదుట చోటు ఖాళీగానే వదిలేశారు.

ఆ కాగితాలకి కాపీ తీసి దీంతో పెడుతున్నాను. తిట్టుకోకుండా ఆఖరి దాకా చదువు.

నీ వదిన

ఏప్రిల్ 7

వదినా,

టపా బండి ఇంకా గేటు దాటలేదు, అది వెనక్కి తిరిగేలోపు ఈ ఉత్తరం దాంట్లో పడాలి. గబగబా రాస్తున్నాను. తప్పులుంటే కళ్ళజోడు పెట్టుకోండి.

చదివాను. మెట్ల మీద కూర్చుని చదివాను. ఏడో నంబరు: "చలి ఉదయములందు రెండవ గేరు గరగరలాడును. నాలుగు నిమిషముల పిమ్మట ఆడదు. తమ్ముడు ఆ నాలుగు నిమిషములు ఇంజను వేడెక్కువరకు ఆగి, అప్పుడే కదిలేవాడు." పంతొమ్మిది: "డ్రైవరు సీటు కుడి అంచు అరిగినది. కారణము, యజమానికి దిగునప్పుడు ఎల్లప్పుడూ తొందర."

ముప్పై మూడు దగ్గర ఆగిపోయాను. "పొగగొట్టము చప్పుడు అధికము. అయితే వీధి మలుపు నుండి ఇంటి వరకు యజమాని యాక్సిలరేటరుపై కాలు వేయక నెమ్మదిగా దొర్లించుకొని వచ్చేవాడు. ఇది తెలియనివారు అతనిని పొగరుబోతు అనుకొనుట కద్దు. నేనూ అనుకొన్నాను."

ఇక నలభై ఒకటి: "సర్వీసు పుస్తకము ప్రకారము ఐదేళ్ళలో ఒక్క ఆయిల్ మార్పు కూడా ఆలస్యము కాలేదు. ఇది లోపము కాదు. వ్రాయుటకు వేరే చోటు లేక ఇక్కడ వ్రాసితిని."

వదినా, నా కారు గురించి ఎవరూ ఇంతగా ఎప్పుడూ పట్టించుకోలేదు. నా గురించి కూడా.

కానీ పదమూడున లారీ వస్తుంది! వద్దని వ్యాపారికి ఇప్పుడే ఇంకో ఉత్తరం రాశాను. అది సమయానికి చేరుతుందో లేదో. ఫోను కోసం ఆఫీసుకి పరిగెత్తాను. గుమస్తా రిజిస్టరు తెరిచి, "ఎవరికి ప్రాణం మీదికొచ్చింది?" అన్నాడు.

"కారుకి."

"కారుకి ప్రాణం ఉంటుందా?"

"మా అన్నని అడగాలండీ."

రిజిస్టరు మూసేశాడు. మీరే ఎలాగైనా ఆపండి. తాళాలు ఇవ్వకండి. అన్నయ్యకి చెప్పండి. నేను చెప్పానని చెప్పండి.

మీ మరిది

ఏప్రిల్ 15

మరిదీ,

నీ రెండు ఉత్తరాలూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది, "గెలిచాడని చెప్పండి" అన్నది, సోమవారం అందింది. మీ అన్న అది నా చేతిలోంచి తీసుకుని చదివి, మడిచి, భోజనం దగ్గర్నుంచి లేచిపోయారు. ఆ రాత్రి మంచం కిందనుంచి పెట్టెలన్నీ బయటికి లాగి, చీటీలు సరిచూసి, మళ్ళీ లోపల పెట్టారు. అంబులెన్స్ ఆవిడకి మాటిచ్చేశాం, ఇప్పుడెలా అని గుంజాటన. రెండోది శనివారం వచ్చింది. "అన్నయ్యకి చెప్పండి" అన్న చోట వేలు పెట్టి చూపించాను. అద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి, నేనే పొద్దున తుడిచాను.

పదమూడున లారీ రానే వచ్చింది. నీ రెండో ఉత్తరం తనకి అందలేదన్నాడు వ్యాపారి. నీ మొదటి ఉత్తరం తీసి చూపించాడు. "రాతపూర్వకంగా ఒప్పుకున్నారమ్మా, ఇప్పుడు కాదంటే ఎలా?" మనిషి చెడ్డవాడిలా లేడు గానీ గొంతు పెద్దది. ఇద్దరు మనుషులు గొలుసులు దింపుతున్నారు. నేను గ్యారేజీ తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. కొంగు నడుముకి బిగించాను.

మీ అన్న లోపల్నుంచి నింపాదిగా వచ్చారు. "ఇంజను తీశాక మిగతాది ఎలా కొంటారు?" అన్నారు.

"కిలోల్లెక్కన సార్. కాటా లారీలోనే ఉంది."

"కాటా దింపండి."

ఇచ్చేస్తున్నారనుకున్నాను. వాళ్ళు వేలాడే కాటా దింపి లారీ వెనక కొక్కేనికి తగిలించారు. మీ అన్న లోపలికెళ్ళి ఇత్తడి బరువుల పెట్టె తెచ్చారు. తెరిచి, పది కిలోల గుండు కాటాకి తగిలించారు. ముల్లు ఎనిమిదిన్నర దగ్గర ఆగింది. తీసి మళ్ళీ తగిలించారు. ఎనిమిదిన్నర. జేబులోంచి గుర్తింపు కార్డు తీసి, చాలా మర్యాదగా, "దీనికి ఆఖరిసారి తనిఖీ ముద్ర ఎప్పుడు వేయించారు?" అన్నారు.

గొలుసులు దింపినదానికన్నా వేగంగా ఎక్కాయి. మీ అన్న మాత్రం వదల్లేదు. నోటీసు రాసి, సంతకం చేయించుకుని, వారంలోగా కాటా సరిచేయించుకోమని చెప్పి, "మీ కాగితం?" అన్నారు. అతను నీ ఉత్తరం ఇచ్చేసి వెళ్ళిపోయాడు. నేను గ్యారేజీ గచ్చు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. ఆయన ఇత్తడి గుండు తుడుస్తూ, "ఇందులో నవ్వడానికేముంది? నూటికి పదిహేను తక్కువ" అన్నారు.

కొనుగోలు కాగితాల మీద నీ సంతకం కావాలి. టపాలో పంపుదామంటే మీ అన్న ఒప్పుకోలేదు. "సంతకం పెట్టేటప్పుడు మనిషి ఎదురుగా ఉండాలి" అన్నారు. ఆదివారం అంబులెన్స్ ఆవిడా, ఆయనా కారులో మీ గేటు దాకా వస్తారు. పదకొండింటికి. గేటు బయటికి వచ్చి ఉండు. నేను రాలేను, ఆ కారుకి వెనక సీటు ఉందని నువ్వంటావు గానీ నేనెప్పుడూ నమ్మలేదు.

నీ వదిన

ఏప్రిల్ 21

వదినా,

పదకొండింటికన్నారు కదా, నేను తొమ్మిదిన్నరకే గేటు బయటి రాయి మీద కూర్చున్నాను. కాపలాదారు రెండుసార్లు అడిగాడు, ఎవరైనా పెద్దాఫీసరు వస్తున్నారా అని. అవునన్నాను.

కారు కంటే ముందు చప్పుడు వచ్చింది. నాకు తెలిసిన చప్పుడే, కానీ బయటినుంచి ఎప్పుడూ వినలేదు. ఎప్పుడూ లోపలే ఉండేవాణ్ణి కదా. బాగుంది వదినా. కొంచెం ఎక్కువే, అయినా బాగుంది.

అన్నయ్య దిగాడు. నెత్తిమీద జుట్టు పల్చబడింది, మీరు రాయలేదు. కాగితాల ఫైలు చంకలో పెట్టుకుని నా దాకా నడిచొచ్చి, "చిక్కిపోయావు" అన్నాడు.

"ఎంత?" అన్నాను.

పైనుంచి కిందిదాకా చూసి, "నాలుగు కిలోలు" అన్నాడు. నిజంగా నాలుగే. ఇక్కడి డాక్టరు పోయిన వారమే తూచాడు.

నేను ఎన్నో రోజులుగా కూడబెట్టుకున్న మాటలున్నాయి. "విలువ తెలీదన్నాను, తప్పే" అన్నాను. అది ఒక్కటే వచ్చింది. ఆయన ఫైలు తెరిచి, "ఇక్కడ సంతకం. ఇక్కడ కూడా" అన్నాడు. పెట్టాను. అప్పుడు నా చేతిలోంచి కలం తీసుకుంటూ, "ఆయా అన్నది కూడా సరి కాదు. రికార్డుల్లోంచి తీసేద్దాం" అన్నాడు.

అంబులెన్స్ ఆవిడ మా ఇద్దర్నీ చూసి, తాళం నా చేతిలో వేసి, "ఆఖరిసారి ఒక చుట్టు వేసి రండి. నేను ఈ కాపలాదారుతో టీ తాగుతాను" అంది. నేను తాళం అన్నయ్యకిచ్చాను. పద్నాలుగు నెలలు ఆ కారుని రెండు మీటర్లు ముందుకి, రెండు మీటర్లు వెనక్కి నడిపిన మనిషి! వద్దన్నాడు, నేను వినలేదు. రోడ్డు ఖాళీ. మొదటి గేరు, రెండో గేరు. అక్కడే ఉండిపోయాడు, ఇంజను మొత్తుకుంటోంది. "మూడు వెయ్యన్నా" అన్నాను. వేశాడు. టర్బో అందుకుంది. వీపు సీటుకి అతుక్కుపోయింది.

వదినా, అన్నయ్య నవ్వాడు. పళ్ళు కనబడేలా, గట్టిగా, చిన్నప్పుడు గోడ దూకి పరిగెత్తినప్పుడు నవ్వినట్టు. ఆ మలుపు దాటాక కూడా నవ్వు ఆగలేదు. తొంభైలో ఉన్నాం.

ఆవిడ వెళ్ళేటప్పుడు అద్దం దించి, "మీ అన్నయ్యని బస్టాండ్ దగ్గర దింపుతాలే. నెమ్మదిగా పోతాను" అంది. నెమ్మదిగా పోలేదు. దుమ్ము సద్దుమణిగేదాకా అక్కడే నిలబడ్డాను. బాధేస్తుందనుకున్నాను. ఆకలేసింది.

మీ మరిది

ఏప్రిల్ 27

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ వదిన గట్టిగా చదివి వినిపించింది. అందులో ఒక సవరణ ఉంది. మనం తొంభైలో లేము. ముల్లు ఎనభై ఏడు దగ్గర ఉంది. నేను చూశాను.

నిన్న గ్యారేజీ ఊడ్చాను. ఖాళీగా ఉంది. ఆదివారం పొద్దున ఏం చేయాలో తెలియక పేపరు నిజంగానే చదివాను. అందులో ఏమీ లేదు.

అంబులెన్స్ నడిపిన ఆవిడ ఫోన్ చేసింది. నలభై మూడో లోపం కనిపెట్టానంది. కారు ఇంటిదగ్గర ఆపాలని అనిపించట్లేదట. అది లోపం కిందికి రాదని చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు.

మొన్న గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చేశాను. నువ్వు ఉండే గది చూడలేదు. నువ్వు వినే ఆ టక్ టక్ కూడా వినలేదు. మే నెల పదో తారీఖు నుంచి నాలుగు రోజులు సెలవు పెట్టాను. మీ వదిన కూడా షాపులో చెప్పింది. ఇద్దరికి పాసులు తీసి పెట్టు.

వచ్చేటప్పుడు ఏం తేవాలో రాయి. నాకు అడగడం సరిగ్గా రాదు, నువ్వే వివరంగా రాయి.

అన్న